సెలవురోజు చెప్పిన మాట

మా వదిన నోట్లోంచి ఇప్పటికి ఎంతమంది మాట్లాడారో ఆ దేవుడికే తెలియాలి. దొరలు, దొరసానులు, డాక్టర్లు, వడ్రంగులు, బడిపంతుళ్ళు, ఒకసారి రిటైరైన పోలీసాయన. పై దేశాల నుంచి మా చర్చికి ఏ బృందం సేవకు వచ్చినా, వేదిక మీద వాళ్ళ పక్కన నిలబడి తర్జుమా చేసేది మా వదినే. వాళ్ళు ఏడిస్తే ఈమె గొంతు వణికేది. వాళ్ళు జోకు వేస్తే, అది మనవాళ్ళకు ఎక్కదనుకుంటే, దాన్ని పక్కన పెట్టి మా అయ్యగారి గురక మీద ఒకటి వేసేది. జనం పగలబడి నవ్వేవాళ్ళు, దొర తన జోకే పేలిందని మురిసిపోయేవాడు, పాస్టరయ్యగారు ఒక్కరే ముఖం చిట్లించేవారు. ప్రార్థన కూడిక అయ్యాక ఆమెను పిలిచి "అమ్మా, నా గురక వాక్యంలో లేదు కదా" అనేవారు.

నేను ఆమె ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, మా అన్నయ్య పోయాక పూర్తి మొగుడి పెత్తనమే చేస్తున్నానని వదిన నన్ను దెప్పుతుంది. చేస్తాను, చెయ్యనా మరి. ఈమెకు లోకం మీద ఉన్న నమ్మకానికి ఎవరో ఒకరు పక్కన కర్ర పట్టుకుని నిలబడాలి కదా. నాకు పెళ్ళి అచ్చిరాలేదు, ఆ గొడవ ఇక్కడ వద్దు. చర్చి ఆవరణలో అతిథులు దిగే విడిదిలో వంట నా పని. వదిన కళ్ళాసుపత్రిలో రోగుల పేర్లు పిలిచి లోపలికి పంపుతుంది. ఇంట్లో మూడో మనిషి గువ్వ, వదిన కూతురు. చిన్నప్పుడు దాని గొంతు విని మా అన్నయ్య పెట్టిన ముద్దుపేరు అది, పందొమ్మిదేళ్ళు వచ్చినా మా నోట మారలేదు.

వదిన ఇంగ్లీషు బడిలో వచ్చింది కాదు. వాళ్ళ నాన్న ఈ ఆవరణకే గేటు కాపలా. చివరి ఇంట్లో ఒక ముసలి నర్సు దొరసాని ఉండేది, సొంత దేశం తిరిగి వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయిన మనిషి. చూపు మందగించాక, తన పుస్తకాలు చదివి వినిపించడానికి చిన్నపిల్లగా ఉన్న వదినను పెట్టుకుంది. తప్పు చదివితే చేతికర్రతో నేల మీద టక్కున కొట్టేదట. అలా భయపడుతూ నేర్చుకున్న ఇంగ్లీషును వదిన గువ్వకు మాత్రం ముద్దు చేసి నేర్పింది, అన్నం ముద్దకో మాట చొప్పున. ఇప్పుడు గువ్వ తల్లికంటే చక్కగా మాట్లాడుతుంది. అయితే వేదికెక్కి తర్జుమా చెయ్యమంటే, "ఒకళ్ళ మాటలు నేనెందుకు మొయ్యాలి" అని పాటల జట్టులోకి పారిపోతుంది. అందుకే దాని ఇంగ్లీషు సంగతి వచ్చిపోయే బృందాలకు తెలియదు.

ఇంకో సంగతి చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది, అయినా చెప్పకపోతే ఈ కథ నడవదు. గువ్వ మా వదిన కడుపున పుట్టలేదు. వదిన చెల్లెలికి పుట్టింది. ఆమెకు అప్పటికి పెళ్ళి కాలేదు, ఇంకా చదువుకుంటోంది, నమ్మించినవాడు మొహం చాటేశాడు. ఆమె ఏడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడితే మా అన్నయ్య "ముందు అన్నం తిను" అన్నాడు, అంతకుమించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఎవరూ ఎరగని దూరపు ఊరిలో పని వెతుక్కున్నాడు. నలుగురం వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు వదిన ఒడిలో చంటిపిల్ల ఉంది. వదినకు పెళ్ళయి చాలాకాలమైనా పిల్లలు లేకపోవడంతో, దేవుడు కనికరించాడని చర్చిలో అందరూ స్తుతులు చెల్లించారు. మేమూ ఆమెన్ అన్నాం.

చెల్లెలికి తరవాత సంబంధం కుదిరింది, ఇద్దరు మగపిల్లలు. ఆమె మొగుడు చెడ్డవాడు కాదు గానీ ఈ సంగతి తెలిస్తే ఆ కాపురం ఒక్క పూట నిలవదు. ప్రతి ఏటా గువ్వ పుట్టినరోజుకు తన చేత్తో కుట్టిన కొత్త బట్టలు తీసుకుని వస్తుంది. గువ్వ "పిన్నీ" అంటూ మెడకు వేలాడుతుంది. ఆమె కాసేపు దాన్ని చూసి, నా దగ్గరికి వంటింట్లోకి వచ్చి, అక్కర్లేకపోయినా ఉల్లిపాయలు తరుగుతుంది.

ఈ ఏడు వదినకు అదే ధ్యాస పట్టుకుంది. "పిల్ల పెద్దదైంది. ఇంక చెప్పెయ్యాలి. ఎవరో చెబితే వినకూడదు, నేనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు" అనేది. నేను కసురుకునేదాన్ని. "చల్లగా ఉన్న కొంపకు నిప్పెందుకు పెడతావు? తెలిసినవాళ్ళెవరు? నువ్వూ, నేనూ, మీ చెల్లెలు. నాకేమన్నా నోట్లో నువ్వుగింజ నానదా?" అనేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది, మళ్ళీ రెండు రోజులకు అదే పాట.

ఆ రోజుల్లో దిగింది ఈ బృందం. ఎనిమిది మంది, మూడు వారాల సేవ. ఆడపిల్లల హాస్టలుకు రంగులు వెయ్యడం వాళ్ళ పని, సాయంత్రాలు కూడికలు. రంగులు వేశారు, వెయ్యలేదనను. కిటికీ రెక్కలు మూసి, చట్రంతో కలిపి, సందు లేకుండా నున్నగా వేశారు. ఆరాక ఒక్క కిటికీ తెరుచుకుంటే ఒట్టు. ప్రతి ఉదయం వాళ్ళు లేవకముందే నేనూ, చర్చి పనులు చేసే పెయింటరూ చాకులు పట్టుకుని గీకి కిటికీలు ఊడదీసేవాళ్ళం. "పాపం, అంత దూరం నుంచి వచ్చారు, వాళ్ళకు చెప్పకండి" అని వదిన మా ఇద్దరినీ బతిమాలేది.

వాళ్ళకు ఒక అలవాటు ఉంది. రోజూ సాయంత్రం భోజనానికి ముందు గుండ్రంగా కుర్చీలు వేసుకుని, ఇవాళ దేవుడు నాకు ఏం చూపించాడు అని ఒక్కొక్కరూ చెప్పాలి. అందరూ చెప్పేదాకా నా గిన్నెలు చల్లారుతూ ఉండేవి. "ఎవరికైనా ఏమీ కనిపించకపోతే?" అని వదినను అడిగాను. "ఏదో ఒకటి కనిపించాల్సిందే. ఖాళీగా కూర్చుంటే వాళ్ళకు నామోషీ" అంది. ఎవరి కాలిబొబ్బ ఎవరికి పాఠమైందో, ఏ పిల్ల చిరునవ్వు ఎవరికి ఏం నేర్పిందో, అన్నీ ఆ కుర్చీల మధ్యకు వచ్చి పడేవి.

అందులో ఒకావిడ ఉండేది. నవ్వులావిడ అని నేనే పేరు పెట్టాను, నిద్రలో కూడా నవ్వు చెరగని ముఖం. వాళ్ళ దేశంలో బడిపిల్లల బాధలు వినడం ఆమె ఉద్యోగమట. బాధలు వినడానికి కూడా జీతం ఇస్తారా, అయితే మా వదినకు ఎన్నేళ్ళ బకాయి పడ్డారో అన్నాను. వదిన అది తర్జుమా చెయ్యలేదు. నిజం చెప్పాలంటే ఆవిడ బాగా వినేది. చేతిలో పని ఆపి, ముందుకు వంగి, మన ముఖమే చూస్తూ వినేది. జీవితమంతా ఇతరుల మాటలు చెప్పిన మనిషికి, తన మాటలు వినే మనిషి దొరికితే ఏమవుతుంది? వదిన ఆవిడకు అతుక్కుపోయింది.

రెండు వారాలు గడిచాక బృందానికి శని, ఆది సెలవన్నారు. ఆదివారం సెలవేమిటని అయ్యగారు విస్తుపోయారు. బృందం పెద్ద, తాడిచెట్టంత పొడుగాయన, "మాకు ఇది పద్ధతి. విశ్రాంతి కూడా సేవలో భాగమే" అన్నాడు. సముద్రం ఒడ్డున ఒక పాత బస మాట్లాడుకున్నారు. వదినను కూడా రమ్మన్నారు. "ఈ రెండు రోజులు ఎవరూ పని చెయ్యకూడదు. ప్రసంగం లేదు, ఫోటోలు లేవు, సాయంత్రం కుర్చీలు కూడా లేవు. నువ్వు మాకు తర్జుమా చెయ్యడానికి రావడం లేదు, మాలో ఒకదానిలా వస్తున్నావు" అన్నాడు. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు వదిన ముఖం చూడాలి, పండగ సెలవిచ్చిన బడిపిల్ల ముఖం. నన్నూ తీసుకెళ్ళారు. ఎవరూ పని చెయ్యకూడదన్న మాట పొయ్యికి వర్తించదు కదా.

ఆ బసలో దుప్పట్లు తేమగా ఉండేవి, గడియలన్నీ ఉప్పుగాలికి తుప్పు పట్టి కిర్రుమనేవి. వరండాలో నాలుగు పేము కుర్చీలు. దొరలు ఎండలో పడుకుని ఎర్రగా కాలారు, పేకలాడారు, నిద్రపోయారు. వదిన చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడింది. నాలుగు మాటలు వినిపిస్తే చాలు అలవాటుగా నోరు కదిలేది, ఎవరూ తన వైపు చూడటం లేదని గుర్తొచ్చి ఊరుకునేది. ఆమె అంత తేలిగ్గా ఉండటం మా అన్నయ్య పోయాక నేను చూడలేదు.

శనివారం సాయంత్రం నవ్వులావిడా, వదినా వరండాలో కూర్చున్నారు. నేను లోపల గుడ్లు ఉడకబెడుతున్నాను. మొదట ఆవిడ చాలాసేపు మాట్లాడింది, నవ్వకుండా. తరవాత వదిన మాట్లాడింది. నావి వంటింటి ఇంగ్లీషు చెవులు, ఉప్పూ నీళ్ళూ వేడీ దాటి వినబడవు. కానీ వదిన భుజాలు కదులుతున్న తీరు చూసి నాకు అనుమానం వచ్చింది. మర్నాడు పొద్దున ఇసుకలో నడుస్తూ తనే చెప్పింది.

"చెప్పేశాను."

"ఏం చెప్పేశావు?"

"గువ్వ సంగతి."

"నీకేమన్నా మతిపోయిందా వదినా? పెంచిన పిల్లకు చెప్పలేదు, కట్టుకున్నవాడి తరఫు చుట్టాలకు చెప్పలేదు, గాలికి వచ్చిన మనిషికి చెబుతావా?"

"ఆవిడా పెంపుడుబిడ్డేనట. నలభై ఏళ్ళొచ్చాక, తల్లిని పాతిపెట్టిన రోజు, ఎవరో చుట్టం నోరుజారితే తెలిసిందట. 'అందరికీ తెలిసిన నా కథ నాకొక్కదానికే తెలియదు, అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు' అంది. అందుకే అడిగాను, పిల్లకు ఎలా చెప్పాలి అని."

"ఏమంది మహాతల్లి?"

"నీ నోటితోనే చెప్పు అంది. ఇంకెవరి నోటి నుంచి విన్నా నాకు జరిగిందే దానికీ జరుగుతుంది అంది. ఈ మాట ఈ ఒడ్డు దాటదని చేతిలో చెయ్యి వేసింది." వదిన నడక ఆపి నా వైపు తిరిగింది. "వీళ్ళను విమానం ఎక్కించగానే చెల్లెల్ని పిలిపిస్తాను. ఇద్దరం కలిసి గువ్వను కూర్చోబెట్టి చెబుతాం. ఇంక భయం లేదు నాకు."

ఆ రోజంతా ఆమె వాళ్ళతో పేకలాడింది. ఓడిపోయి నవ్వింది. నేను మాత్రం పొయ్యి దగ్గర గొణుగుతూనే ఉన్నాను.

ఆ వారం చివర వీడ్కోలు కూడిక పెట్టారు. మధ్యాహ్నం ఎండ ఇంకా తగ్గలేదు, ఫ్యాన్లు తిరుగుతున్నా విసనకర్రలు ఆగలేదు. వేదిక వెనక మూడు వరసల్లో పాటల జట్టు. గువ్వ ముందు వరసలో, పిన్ని కుట్టిన నీలం బట్టలు వేసుకుని కూర్చుంది. నేను పక్క తలుపు దగ్గర, టీ డబ్బా కాపలా. అయ్యగారు బృందంలో ఒక్కొక్కరినీ, దేవుడు తమకు చూపించింది నలుగురి ముందూ సాక్ష్యం చెప్పమని పిలిచారు. వదిన మైకు పట్టుకుని, ఎప్పటిలాగే, వాళ్ళ మాట పూర్తయ్యీ కాకుండానే అందుకుని చెబుతోంది. అప్పుడు నవ్వులావిడ లేచింది.

"మాకిచ్చిన సెలవు రోజుల్లో, సముద్రం ఒడ్డున నేనొక స్త్రీని కలిశాను" అంది. వదిన అదే చెప్పింది, చిన్నగా నవ్వుతూ కూడా.

"ఆమె ఎవరో నేను చెప్పను" అంది. వదిన అదీ చెప్పింది.

"దేవుని ప్రేమ ఎలా ఉంటుందో ఆమె నాకు చూపించింది" అంది. వదిన అదీ చెప్పింది, కాస్త మెల్లిగా.

ఆ తరవాతి మాటలో నా వంటింటి చెవులకు రెండు ముక్కలు తగిలాయి. సిస్టర్. బేబీ. వదిన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. జనం మైకు పోయిందనుకున్నారు. ఎవరో వెనక నుంచి "వినబడటం లేదమ్మా" అన్నారు.

వదిన నీళ్ళు తాగింది. గ్లాసు పెట్టింది. "ఆ స్త్రీకి పక్కింటావిడ ఊరెళ్తూ ఒక కోడిపిల్లను అప్పగించి వెళ్ళింది" అంది.

నాకు అర్థమైపోయింది. ఒక్కటి ఆలోచించండి. మా ఊళ్ళో ఆ దొరసానితో మధ్యవర్తి లేకుండా కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోగల ఆడది ఎవరు? ఒక్కతే, ఆవిడ పక్కనే మైకు పట్టుకుని నిలబడి ఉంది. పేరు చెప్పనన్న మహానుభావురాలికి ఆ మాత్రం తట్టలేదు. అయ్యగారితో సహా అక్కడున్న జనానికి దొరల ఇంగ్లీషు అందదు, కానీ వదిన ఉన్నదున్నట్టు ఒక్క మాట తర్జుమా చేస్తే, సాయంత్రానికి అది చెల్లెలి అత్తవారింటికి చేరిపోతుంది.

టీ డబ్బా వదిలేసి గోడ పక్కనుంచి వెళ్ళి మైకు పెట్టె తీగ లాగేశాను. ఆవిడ ఆగిందా? ఎంత మర్యాదస్తురాలో, జనానికి ఇబ్బంది కలగకూడదని గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టింది. వదిన కూడా గొంతు పెంచాల్సి వచ్చింది. ఆవిడ ఏమేమి చెప్పిందో తరవాత గువ్వే నాకు అప్పజెప్పింది. "పెళ్ళికాని చెల్లెలికి పుట్టిన బిడ్డను ఆమె తన బిడ్డగా పెంచింది" అని ఆవిడ అంటే, "ఆ కోడిపిల్లకు తన గిన్నెలోంచే గింజలు వేసింది" అని వదిన. "కన్నతల్లి ప్రతి పుట్టినరోజుకు తన చేత్తో కుట్టిన బట్టలు తెస్తుంది, బిడ్డ ఆమెను పిన్నీ అని పిలుస్తుంది" అని ఆవిడ అంటే, "ఆ కోడి ఊరంతా తిరిగి సాయంత్రానికి ఈమె గంపలోకే వచ్చి పడుకునేది" అని వదిన. ఆవిడ కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నాయి. జనం ముసిముసిగా నవ్వుతున్నారు. ఆవిడ వాళ్ళ నవ్వులు చూసి తికమకపడి, ఇంకా భావంతో చెప్పింది.

నేను గువ్వ వైపు చూశాను. అది తల వంచుకుని తన నీలం బట్టల అంచు చూసుకుంటోంది. ఆ కుట్టు మీద వేలు అటూ ఇటూ పోనిస్తోంది. వదిన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మా అందరి చెవులూ మూసింది గానీ, తను నేర్పిన చెవులను ఎలా మూస్తుంది? చివరి పాటకు జట్టంతా లేచింది. గువ్వ కూడా లేచింది, పెదవులు మాత్రం కదపలేదు.

కూడిక అయ్యాక జనం వదిన చుట్టూ చేరి, కోడికథ ఎంత బాగుందో అని చేతులు కలిపారు. అయ్యగారు వచ్చే ఆదివారం ప్రసంగంలో వాడుకుంటానన్నారు. నవ్వులావిడ వచ్చి వదినను కావలించుకుంది. "చూశావా, నీ పేరు చెప్పలేదు" అందట.

"ఎందుకు చెప్పావు?" అని వదిన అడిగిందట.

"అంత మంచి సాక్ష్యం నా ఒక్కదాని దగ్గరే ఉండిపోవడం సరి కాదనిపించింది. దేవుడే నా మనసులో పెట్టాడు" అందట.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు. దేవుడి మీదికి తోసేశాక ఇంక ఎవరితో తగువు పెట్టుకుంటాం? వాళ్ళకు సెలవంటే కుర్చీలు వెయ్యకపోవడమే. కనిపించినవన్నీ మూట కట్టుకుని తెచ్చి, మామూలు రోజున విప్పారు.

ఇంటికి వచ్చేసరికి గువ్వ మంచం మీద కూర్చుని ఉంది, ఆ బట్టలు మార్చుకుని.

"కోడికథ బాగుందమ్మా" అంది.

వదిన గుమ్మం దగ్గరే గోడకు చేరబడి కూలబడింది. "గువ్వా" అంది.

"ఆవిడ చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"ఎవరెవరికి తెలుసు?"

"మీ నాన్నకు తెలుసు. అత్తకు తెలుసు. పిన్నికి..." ఆ మాట దగ్గర ఆగిపోయింది.

"నీకు పందొమ్మిదేళ్ళు నా పక్కన పడుకుని చెప్పడానికి నోరు రాలేదు. నాలుగు రోజులకు పోయే మనిషికి మాత్రం చెప్పావు. నాకన్నా ముందు ఆవిడకెందుకు చెప్పావు?"

"నీకెలా చెప్పాలో అడుగుదామని చెప్పానే. నీకు నొప్పి తగలకుండా ఎలా చెప్పాలో ఆవిడకు తెలుస్తుందనుకున్నాను. వాళ్ళు వెళ్ళగానే నేనూ, మీ..." మళ్ళీ ఆగింది. "ఇద్దరం చెబుదామనుకున్నాం."

"నేను మా అమ్మ ఏం మాట్లాడుతుందో వినాలని కూర్చున్నాను. ఆవిడ నా గురించి చెబుతుంటే నువ్వు కోడి గురించి చెప్పావు."

"మీ పిన్ని కాపురం కోసమే."

"తెలుసు" అంది గువ్వ. ఏడవలేదు. అది చూసే నాకు భయం వేసింది. నేను నడుమ దూరి, "మీ అమ్మ ఆ క్షణంలో ఇంకేం చెయ్యగలదే? నీ కోసం ఎంత..." అనబోయాను. "నన్ను దేవుడిచ్చాడని చర్చిలో అందరూ అంటుంటే నువ్వు కూడా ఆమెన్ అన్నదానివే కదా అత్తా" అంది. వదినకు తను నమ్మిన మనిషి చేసిన గాయం ఒకటి, అది ఆమె అప్పుడే మరిచిపోయింది. తను చేసిన గాయాన్ని చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున బృందానికి వ్యాను వచ్చింది. పెట్టెలు ఎక్కిస్తున్నారు. నేను రొట్టెల పొట్లాలు పట్టుకుని వెళ్ళాను. నవ్వులావిడ ముందు నిలబడి తెలుగులోనే కడిగేశాను. "నలభై ఏళ్ళకు నీకు తగిలిన దెబ్బ నువ్వు ఎరుగుదువు కదమ్మా. ఎరిగి ఎరిగి ఇంకో పిల్లకు అదే దెబ్బ ఎలా కొట్టావు? చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాటకు మీ ఊళ్ళో విలువ లేదా?" అన్నాను. ఆవిడ నవ్వుతూ వదిన వైపు చూసింది. వదిన రెండు ముక్కలు చెప్పింది. ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుంది. క్షేమంగా వెళ్ళిరండి అన్నానని చెప్పి ఉంటుంది మా మహాతల్లి.

"అలా అనలేదు మా అత్త" అని ఇంగ్లీషు వినిపించింది వెనకనుంచి. ఆ మాత్రం నాకు కూడా అర్థమైంది. గువ్వ వచ్చి మా మధ్య నిలబడి, నేనన్న ప్రతి మాటా ఆవిడకు చెప్పింది. గొంతు పెంచలేదు, తొందరపడలేదు. జీవితంలో అది చేసిన మొదటి తర్జుమా అదే. ఆవిడ ముఖం మీద నవ్వు పోవడం నేను మొదటిసారి చూశాను. తెల్లబోయి ఏదో అంది. వదిన, పాడు అలవాటు, నా పక్కన నిలబడి లోగొంతుకతో చెప్పింది. "నీకు ఇంగ్లీషు వచ్చని నాకు తెలియదు అంటోంది."

"రాకపోతే ఫరవాలేదా?" అని అడిగింది గువ్వ. అదీ వదినే నాకు చెప్పింది.

ఆవిడ ఏడ్చింది. చాలా మాటలు చెప్పి గువ్వ చేతులు పట్టుకుంది. "క్షమించమంటోంది" అంది వదిన, ఈసారి నాతో కాదు, గువ్వతో.

"నాకు తెలుస్తోంది" అంది గువ్వ తెలుగులో. "ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఆవిడ నాకు ఎవరు?"

అప్పుడు చూశాను దాని భుజాన సంచి ఉంది. డ్రైవరుతో బస్టాండు దగ్గర దింపమని చెప్పి వ్యాను ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. వదిన పరుగున వెళ్ళి కిటికీ చట్రం పట్టుకుంది.

"ఎక్కడికే?"

"పిన్ని దగ్గరికి."

"వద్దే. ఇప్పుడు వద్దు. ఆయన ఇంట్లో ఉంటాడు, పిల్లలుంటారు. ఉన్నట్టుండి ఎందుకొచ్చావని అడిగితే ఏమని చెబుతావు?"

"ఏదో ఒక కథ చెబుతాను. ఎవరికీ అనుమానం రాదులే, నేను నీ దగ్గర పెరిగినదాన్ని."

డ్రైవరు బండి తీశాడు. వదిన చెయ్యి ఇంకా కిటికీ మీదే ఉంది, బండితో పాటు నాలుగు అడుగులు వేసింది. గువ్వ ఆ చేతిని నెమ్మదిగా తీసి బయటికి పెట్టింది.

"వెళ్ళొస్తాను పెద్దమ్మా" అంది.

నేను దాన్ని తిట్టబోయాను. వదిన నన్ను చూడకుండానే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆ పిలుపుకు తను పలికింది.

"ఆఁ. జాగ్రత్తగా వెళ్ళిరా" అంది.